ఉప్పగా లేని నీళ్లన్నీ మంచినీళ్లేనా?

ప్రశ్న: మేము తిరుపతిలో ఉంటాం. మా అమ్మాయికి ఈమధ్యే పులికాట్ సరస్సుకు దగ్గరలోని ఒక చిన్న పట్టణానికి బదిలీ అయింది. అక్కడ కుళాయి రోజు విడిచి రోజు, గంటసేపే వస్తుంది. నీళ్లు కాస్త ఉప్పగా ఉన్నాయని, వేసవిలో ఆ ఉప్పదనం ఇంకా పెరుగుతుందని చుట్టుపక్కలవాళ్లు చెబుతున్నారట. మా అల్లుడు నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొని చూస్తే లీటరుకు 620 మిల్లీగ్రాములు చూపించింది. ఆ ఇంట్లో మూడేళ్ల మనవడు, రక్తపోటు ఉన్న మా వియ్యపురాలు ఉన్నారు. నీళ్లు మరగబెట్టుకుంటే సరిపోతుందా? ఉప్పును తీసేసే ఆర్వో యంత్రం పెట్టించుకోవాలా? క్యాను నీళ్లు కొనుక్కోవడం మేలా?
ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలో ఉప్పు గురించిన భయం, రోగక్రిముల గురించిన భయం కలిసిపోయి ఉన్నాయి. ఉప్పు నాలుకకూ తెలుస్తుంది, మీటరుకూ తెలుస్తుంది. క్రిములు ఆ రెండింటికీ తెలియవు. మన భాషలో ఉప్పునీళ్లు కానివాటిని మంచినీళ్లు అంటాం. ఆ మాటను నమ్మి, ఉప్పగా లేవు కనుక మంచివేనని నీళ్లు తాగేసేవారు చాలామంది. పసిపిల్లవాడు ఉన్న ఇంట్లో ముందు చూసుకోవలసింది నాలుకకు తెలియని ప్రమాదాన్నే.

అయినా ఉప్పు సంగతి కొంత చెప్పాలి. తీరప్రాంతపు ఇసుక నేలల్లో ఇంకిన వాననీరు, తనకన్నా బరువైన ఉప్పునీటి మీద పొరలా తేలుతూ నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, కింద దాదాపు 40 అడుగుల మంచినీరు ఉంటుందని భూగర్భజల శాస్త్రంలో ఒక స్థూలమైన లెక్క ఉంది. దానినే తిరగేసి చూస్తే, బోర్లతో తోడి పైమట్టాన్ని ఒక అడుగు దించినప్పుడు కాలక్రమంలో కింది ఉప్పునీరు 40 అడుగులు పైకి జరిగే వీలుందన్నమాట. వానలు లేక తోడకం ఎక్కువయ్యే వేసవిలో ఉప్పదనం పెరగడానికి ఒక ముఖ్య కారణం ఇదే. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనిచోట 2000 వరకు అనుమతి ఉంది. కాబట్టి 620 కంగారు పడవలసిన అంకె కాదు. అయితే బంగ్లాదేశ్ తీరప్రాంతంలో ఉప్పు ఎక్కువైన తాగునీటికీ, గర్భిణుల రక్తపోటుకూ సంబంధం ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. అందువల్ల మీ వియ్యపురాలుగారు ఈ నీటి విషయం తమ వైద్యులకు చెప్పడం, ఏప్రిల్, మే నెలల్లో నీటిని మళ్లీ పరీక్షించుకోవడం మంచిది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది 620 కాదు, నీళ్లు రోజు విడిచి రోజు గంటసేపే వస్తాయన్న మాట. గొట్టంలో నీరు నిండుగా, ఒత్తిడితో ఉన్నంతసేపు ఎక్కడైనా చిల్లు ఉంటే నీరు బయటికి కారుతుందే తప్ప, బయటిది లోపలికి రాదు. సరఫరా ఆగి గొట్టం ఖాళీ అయినప్పుడు అదే చిల్లులోంచి చుట్టూ ఉన్న నీరు లోపలికి చేరుతుంది. ఆ గొట్టం మురుగుకాలువను ఆనుకుని పోతుంటే ఏమి చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు. దీనికి తోడు కొందరు కుళాయి గొట్టానికే మోటారు బిగించి నీళ్లు లాగుతారు. ఆ లాగుడుకు మురుగు వీధి మొత్తం గొట్టంలోకి వస్తుంది. ఇది తమ ఇంటి బిందెలు నింపుకోవడానికి పక్కింటి పిల్లలను ప్రమాదంలోకి నెట్టడమేనని నేను గట్టిగా నమ్ముతాను. మీ అల్లుడుగారి ఇంట్లో అటువంటి మోటారు ఉంటే ఈరోజే తీయించండి. కుళాయి రాగానే మొదట వచ్చే నీటిని తాగడానికి పట్టకుండా, గిన్నెలు కడగడానికో మొక్కలకో వాడుకోమనండి.

దారిలో చేరిన క్రిములను ఎదుర్కోవడానికే నీటిలో క్లోరిన్ కలుపుతారు. ట్యాంకు దగ్గర ఎంత కలిపారన్నది సగం సంగతే. వీధి చివరి కుళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెతో దీనిని క్షణాల్లో చూడవచ్చు. నీటిలో మందుచుక్కలు వేస్తే వచ్చే పసుపు రంగును బట్టి క్లోరిన్ ఎంత మిగిలిందో తెలుస్తుంది. పురపాలక సిబ్బందిని పిలిచి, తమ కుళాయి దగ్గరే ఆ పరీక్ష చేయమని అడిగే హక్కు మీ అమ్మాయికి ఉంది. బ్లీచింగు వాసన వస్తోందని నీళ్లు పారబోసే ఇళ్లను చాలా చూశాను. కొంచెం వాసన ఉండటం రక్షణ ఉందనడానికి గుర్తు. ఏ వాసనా లేని చివరి వీధి నీళ్లనే అనుమానించాలి.

ఇక మరగబెట్టడం గురించి. నీళ్లు కుతకుత ఉడకడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే రోగక్రిములు చస్తాయి. ఉప్పు మాత్రం పోదు, నీరు ఆవిరైన కొద్దీ అది ఇంకాస్త చిక్కబడుతుంది. మరగిన నీటిని మూత ఉన్న, కుళాయి బిగించిన బిందెలో పోసుకోవాలి. అందులో చెయ్యిపెట్టి గ్లాసు ముంచితే పడిన శ్రమంతా వృథా. పటిక, చిల్లగింజలు బురదను అడుగుకు దించుతాయి కానీ వాటితో నీరు సురక్షితమైందని అనుకోకూడదు. ఇంటికి సంపు ఉంటే అది సెప్టిక్ ట్యాంకుకు ఎంత దూరంలో ఉందో, గోడలకు పగుళ్లు, మూతకు సందులు ఉన్నాయేమో మీ అల్లుడుగారు స్వయంగా దిగి చూసుకోవాలి. దిగేముందు మూత తీసి గాలి బాగా ఆడనివ్వాలి, పైన ఒక మనిషి తోడుండాలి.

620 దగ్గర ఆర్వో తప్పనిసరి కాదు. వేసవిలో నీళ్లు నోట పెట్టలేనంత ఉప్పగా మారితే, తాగడానికీ వంటకూ పెట్టించుకోవచ్చు. అది వదిలేసే నీళ్లను నేల తుడవడానికి పట్టుకోండి. ఫిల్టర్లు సమయానికి మార్చకపోతే ఆ యంత్రంలోనే క్రిములు పెరుగుతాయి. క్యాను నీళ్లు కొనేటట్లయితే ఆహార భద్రత లైసెన్సు సంఖ్య, సీలు చూడాలి, క్యాను లోపలి పాచిని కూడా చూడాలి.

ప్రశ్న: మాది చిత్తూరు. బోరు నీళ్లు తియ్యగానే ఉంటాయి. మేమూ మరగబెట్టి తాగితే చాలా?
ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: క్రిముల మటుకు చాలు. అయితే రాతినేలల్లో లోతుగా వేసిన బోర్లలో, ఎక్కువైతే పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ ఉండే అవకాశం ఉంది. దానికి రుచి లేదు, టీడీఎస్ మీటరు దానిని విడిగా చూపించదు, మరగబెడితే పోదు. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో ఒక సీసా నీళ్లు ఇచ్చి ఫ్లోరైడ్ పరీక్ష అని ప్రత్యేకంగా రాయించండి.