ముందు తేదీ రాసుకో, తర్వాతే గ్లూ ముట్టుకో

అమ్మలూ,

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన, ఒమాహా బీచ్‌లో దిగిన అమెరికా షెర్మన్ ట్యాంకు మోడల్ చేస్తున్నావని, ఎగ్జిబిషన్‌లో పెడతావని అక్క ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో, కాసేపటికి అంత టెన్షనూ పట్టుకుంది.

అంచులు నునుపు చేయడం, గ్లూ వాడేటప్పుడు కిటికీ తెరవడం నీకు తెలిసినవే. లాగే తాడుకి మాత్రం దారం వద్దు, సన్నటి రాగి తీగలు మెలేసి చెయ్యి.

నువ్వు కొన్న సెట్‌లో ట్యాంకు ముందు బిగించే ఇనుప కోరలు కూడా ఉన్నాయట. అవి పెట్టకు తల్లీ. నేను పెట్టాను. మూడు నెలలు కూర్చుని 1/35 స్కేల్‌లో 1944 జూన్ 6, అంటే ఒడ్డున దిగిన రోజు నాటి షెర్మన్ చేశా. ఇంజన్‌లోకి సముద్రపు నీళ్లు పోకుండా వెనక పెట్టే పొడవాటి గొట్టాలు, ముందు ఆ కోరలు, రెండూ అతికించా. నార్మండీ ఫోటోలో కోరలు చూశాను కదా అనుకున్నానే గానీ, ఆ ఫోటో ఎప్పటిదో చూసుకోలేదు. ఎగ్జిబిషన్‌లో ఒక రిటైర్డ్ సైనికుడు చాలాసేపు వంగి చూసి, "ఏ రోజు ట్యాంకు బాబూ ఇది?" అన్నారు. గర్వంగా చెప్పా. "ఆ రోజుకి ఈ ఇనుము ఇంకా ఇసుకలోనే నిలబడి ఉంది" అన్నారాయన, మెల్లగా, నాకొక్కడికే వినబడేలా.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది. ఒడ్డు దాటాక పొలాల చుట్టూ మట్టిగట్లు, వాటి మీద దట్టమైన కంచెలు. గట్టెక్కిన ట్యాంకుకి పలచని అడుగుభాగం శత్రువు తుపాకికి ఎదురొస్తుంది. ఎక్కకుండా గట్టునే చీల్చుకుపోవడానికి వచ్చినవి ఈ కోరలు, అమెరికా సైన్యంలోని సార్జెంట్ కర్టిస్ కల్లిన్ పేరు మీద నిలిచిపోయాయి. జర్మన్లు బీచ్‌లో అడ్డంగా పెట్టిన ఇనుప దూలాలనే కోసి వాటిని చేశారు. జూలై 25న అమెరికా సైన్యం మొదలుపెట్టిన ఆపరేషన్ కోబ్రా అనే పెద్ద దాడి నాటికి వందల ట్యాంకులకి బిగించారు. అంటే నా ట్యాంకు ఒడ్డుకి దిగిన రోజున ఆ ఇనుము అమెరికా సైనికుల దారికి అడ్డుగా ఉంది, నేనేమో తీసుకెళ్లి ట్యాంకుకే తగిలించా. పీకితే ముందు పలక పెయింటంతా ఊడింది. ఇప్పటికీ బీరువాలో అలాగే ఉంది.

సెట్‌లో ఉన్నాయని అన్నీ అతికించేస్తావా? నీది గొట్టాలున్న ట్యాంకా, నీళ్లలో తేలడానికి చుట్టూ గుడ్డ తెర కట్టిన రకమా, అది ముందు తేల్చుకో. ఆ రోజు ఒమాహా దగ్గర అమెరికా వాళ్ల 741వ ట్యాంకు బెటాలియన్ ఆ తెరల ట్యాంకులు 29 సముద్రంలోకి వదిలితే 27 మునిగిపోయాయి. వాటిలో మనుషులున్నారమ్మా, అందుకే ఇంతగా చెబుతున్నా.

రెండు వారాల్లో పూర్తి చేస్తానన్నావట, రాత్రుళ్లు ట్యూబ్‌లైట్ కింద. వద్దు. నా కళ్లు అలాగే పాడయ్యాయి. నా భూతద్దం లైటు పార్సెల్ చేస్తున్నా, బల్బు కొత్తది వేయించుకో. నీ ట్యాంకు ఏ రోజు, ఏ పూట ఒడ్డుకి వచ్చిందో నాకు రాసి పంపు, అప్పటిదాకా గ్లూ మూత తియ్యకు.

మామయ్య