అమ్మానాన్నలతో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో కాటమరాన్ షికారు: జులై సాయంత్రం వెళ్ళవచ్చా?

రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్నలను జులైలో సూర్యాస్తమయం వేళ కాటమరాన్ అనే జంట తెరచాప పడవ ఎక్కించాలనుకుంటున్నారు. అమ్మకు బస్సులోనే వాంతులవుతాయి, నాన్నకు మోకాళ్ళ నొప్పులు, తీసుకెళ్ళవచ్చా అని మీ ప్రశ్న. కాటమరాన్ ఎక్కించండి. జులై సాయంత్రం మాత్రం వద్దు.

ఇక్కడి వేసవి గాలి సంగతి తెలిస్తే ఎందుకన్నానో అర్థమవుతుంది. లోపలి సెంట్రల్ వ్యాలీ ఎండకు కాగిపోయి అక్కడి వేడిగాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి పసిఫిక్ మీది చల్లగాలి కొండల మధ్య ఉన్న గోల్డెన్ గేట్ సందులోంచి తోసుకొస్తుంది. మధ్యాహ్నం మొదలై మూడు, నాలుగు గంటలకు ఉధృతమవుతుంది. గంటకు 20 మైళ్ళు దాటడం మామూలే. జులైలో సూర్యుడు ఎనిమిదిన్నరకు గానీ అస్తమించడు, తరచుగా అప్పటికి పొగమంచు కమ్మేసి సూర్యుడే కనిపించడు. ఫొటోల్లో ఉండే ఆ బంగారు వెలుగు కోసం గోదావరి ఎండలకు అలవాటుపడ్డ పెద్దవాళ్ళను వణికించడం ఎందుకు?

మేము మా అమ్మానాన్నలను అక్టోబరులో, మధ్యాహ్నం వేళ తీసుకెళ్ళాం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇక్కడ పొగమంచు పలచబడుతుంది, గాలి నెమ్మదిస్తుంది, నగరం వెచ్చగా ఉంటుంది. మీవాళ్ళు అప్పటిదాకా ఉంటే ఆగండి. ఆగస్టులోనే వెళ్ళిపోతుంటే పొద్దున బయలుదేరే పడవ చూసుకోండి. అప్పుడు గాలి చాలక కాస్త దూరం ఇంజనుతో నడిపినా మీ అమ్మగారికి అదే సుఖం. నెల ఏదైనా స్వెటరు, చెవులకు మఫ్లరు తప్పనిసరి. కింద నీళ్ళు వేసవిలో కూడా 15 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాయి మరి.

ఇక వాంతుల విషయం. మామూలు తెరచాప పడవ గాలికి ఒక పక్కకు బాగా ఒరుగుతుంది. కాటమరాన్ అంటే రెండు సన్నటి పడవలను ఎడంగా నిలిపి పైన వేదిక కట్టినట్టుంటుంది కాబట్టి అంతగా ఒరగదు, బెంచీ మీద నిబ్బరంగా కూర్చోవచ్చు. అలాగని కుదుపే ఉండదనుకోకండి. ఆటు సమయంలో నీళ్ళు గోల్డెన్ గేట్ వంతెన కింద నుంచి బయటికి పోతుంటే, గాలి ఎదురు కొట్టి అలలను నిట్టనిలువుగా లేపుతుంది. అందుకే పోటు వేళ చూసుకుని వెళ్ళడం మంచిది. సముద్రం, వాతావరణం సంగతులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (NOAA) వెబ్‌సైటులో ఏ గంటకు ప్రవాహం ఎటు ఉంటుందో ముందే తెలుస్తుంది.

ముందు భాగంలో కట్టే వల పిల్లలకు సరదా, కానీ తుంపర్లన్నీ అక్కడే పడతాయి. అమ్మగారిని వెనక వైపు, మధ్యకు దగ్గరగా కూర్చోబెట్టి దూరంగా ఒడ్డును చూడమనండి. ఫోను చేతికివ్వకండి. ఖాళీ కడుపుతో ఎక్కించడం కూడా మంచిది కాదు, రెండు ఇడ్లీలు పెట్టండి. మాత్ర వేసుకునేట్టయితే ఆమె వాడే మిగతా మందుల గురించి చెప్పి డాక్టరును అడిగి, ఎక్కడానికి గంట ముందే వేయాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసినా పెద్దగా లాభం ఉండదు. మా అమ్మ మాత్ర వద్దని అల్లం మురబ్బా బుగ్గన పెట్టుకుని కూర్చుంది, ఏమీ కాలేదు.

నాన్నగారి మోకాళ్ళకు పడవలో కన్నా రేవులోనే ఇబ్బంది. పడవ కట్టే వేదిక నీళ్ళ మీద తేలుతుంటుంది. రోజులో నీటిమట్టం ఐదారు అడుగులు మారుతుంది కాబట్టి, నీళ్ళు తగ్గినప్పుడు అక్కడికి దిగే దారి బాగా ఏటవాలుగా ఉంటుంది. మెట్లెన్ని, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, పడవలో మరుగుదొడ్డి ఉందా అని పడవ వాళ్ళకు ఫోను చేసి అడగండి.

మా షికారు సంగతికొస్తే, రేవు దాటాక తెరచాప ఎత్తి ఇంజను ఆపేశారు. గాలి పడమటి నుంచి, వంతెన ఉన్నదీ పడమటే. ఎదురుగాలికి పడవ ఎలా పోతుందని మా నాన్న ఆ పడవవాళ్ళను అడిగితే, సూటిగా పోదని, గాలికి ఏటవాలుగా ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ మళ్ళిస్తూ వంకర టింకరగా ముందుకు తీసుకెళ్తామని చూపించారు. ఆ మలుపులు లెక్కపెట్టడమే ఆయనకు పనైపోయింది. 1937లో పూర్తయిన ఆ వంతెన స్తంభాలు 746 అడుగుల ఎత్తు. నడిచి దాటినప్పుడు కన్నా కింద నుంచి చూసినప్పుడే ఆ ఎత్తు అనుభవానికొస్తుంది.

వెళ్ళేటప్పుడు చలి, కుదుపు రెండూ ఎక్కువే. అమ్మగారు ముఖం చిట్లిస్తే కంగారు పడకండి. వంతెన దగ్గర వెనక్కి తిరగగానే గాలి వీపు వైపుకొస్తుంది, పడవా గాలీ ఒకే దిక్కుకు పోతుంటాయి కనుక గాలి ఆగిపోయినట్టే అనిపిస్తుంది. మా అమ్మ మఫ్లరు తీసింది అప్పుడే. 1934 నుంచి 1963 దాకా ఫెడరల్ జైలుగా ఉన్న ఆల్కట్రాజ్ దీవి పక్కనుంచి వచ్చాం. దీవిలో దిగాలంటే వేరే ఫెర్రీ టికెట్టు కొనాలి. అవతలి ఏంజెల్ ఐలండ్‌లో 1910 నుంచి 1940 వరకు వలస వచ్చినవాళ్ళను ఆపి విచారించేవారని చెబితే, మా నాన్న బ్రిటిష్ పాలన మీద పోరాడటానికి ఇక్కడి భారతీయులు పెట్టిన గదర్ పార్టీ, అందులో చేరిన మన తెలుగువాడు దరిశి చెంచయ్య అంటూ మొదలుపెట్టి రేవు వచ్చేదాకా ఆపలేదు.

ఒక్క మాట, 2013లో ఇదే అఖాతంలో అమెరికాస్ కప్ అనే తెరచాప పడవల పందేనికి 72 అడుగుల కాటమరాన్లు నీళ్ళకు పైన ఎగురుతున్నట్టు పరుగెత్తాయి. ఆ వీడియోలు మీ అమ్మగారి కంట పడనివ్వకండి, టికెట్టు వృథా అవుతుంది. దిగాక పియర్ 39 దగ్గర సముద్ర సింహాలను చూపించండి. 1989 భూకంపం తర్వాత వచ్చి అక్కడే మకాం పెట్టాయి. తెచ్చుకున్న పులిహోర మాత్రం దూరంగా వెళ్ళి తినండి, ఆ వాసనకు ముద్ద దిగదు.