ఆ వీడియో తీసెయ్ బిడ్డా

మిర్యాలగూడ నుంచి చిన్నమ్మ దీవెనలు.

బిడ్డా,

మొన్న శుక్రవారం రాత్రి మన ఇంటి గ్రూపులో నువ్వు పెట్టిన వీడియో చూశాను. అల్లుడు టీవీ ముందు కూర్చొని కండ్లు తుడుచుకుంటున్నాడు, వెనక నుంచి నీ నవ్వు వినిపిస్తున్నది. కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. ఫోన్‌లో చెబితే సగంలో వేరే ముచ్చట్లలోకి పోతామని రాస్తున్నాను. ముందు ఆ వీడియో తీసెయ్. మిగతాది తర్వాత చదువు.

నీ విసుగు నాకు అర్థమైంది. దసరా దాటినప్పటి నుంచి ప్రతి శుక్రవారం అవే అమెరికా క్రిస్మస్ ప్రేమ సినిమాలు, అన్నింట్లో అదే కథ అన్నావు. పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి ఏదో పనిమీద చిన్న ఊరికి పోతుంది. అక్కడ బేకరీయో, క్రిస్మస్ చెట్ల తోటో నడుపుకునే అబ్బాయి కలుస్తాడు. ఇంకో ఇరవై నిమిషాల్లో అయిపోతుందనంగా ఒక అపార్థం, చివరికి మంచు కురుస్తుంటే ముద్దు. మొదటి పది నిమిషాల్లోనే నువ్వు కథంతా చెప్పేసినా ఆయన కదలకుండా చూస్తాడని రాశావు. ఆ కథ ఆయనకు తెలియదనుకున్నావా? తెలుసు కాబట్టే చూస్తున్నాడు.

మా చిన్నప్పుడు ఊళ్లో ఒగ్గుకథ చెప్పేవాళ్లు వస్తే రాత్రంతా మల్లన్న కథ నడిచేది. మా నాయనమ్మకు ఆ కథ మొదటి నుంచి చివరి దాకా నోటికి వచ్చు. కథ చెప్పేటాయన ఒక మాట వదిలేస్తే కింద నుంచి అందించేది. అయినా మేడలమ్మ పెండ్లి ఘట్టం వచ్చేసరికి ప్రతిసారీ కొంగుతో కండ్లు ఒత్తుకునేది. ఆమెను చూసి ఎవరూ నవ్వలేదు. నువ్వు నన్ను పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోయావు, గుర్తుందా? లింగం వెనక నీడ పొద్దంతా కదలకుండా ఉంటుందని తెలిసే పోయాం. తెలిసిందే కదా అని గడప దగ్గర నుంచి తిరిగి రాలేదు.

పోయిన దసరాకు మీరు మా ఇంటికి వచ్చినప్పుడు నువ్వు లోపల పడుకుంటే, నేను అల్లుడిని ఆ సినిమాల గురించి అడిగాను. నాతో ఆయన అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి. నీకు ఇవన్నీ చెప్పాడో లేదో, నేను విన్నది రాస్తున్నాను.

ఆయన ఎం.ఎస్. చదివింది అమెరికాలో, మిజోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో కదా. ఆ సినిమాలు తీసే హాల్‌మార్క్ అనే కంపెనీ పుట్టిన ఊరు అదే. జాయిస్ హాల్ అనే అబ్బాయి, పేరు ఆడపేరులా ఉన్నా మగపిల్లవాడే, 1910లో రెండు షూ డబ్బాల నిండా పోస్టుకార్డులు పట్టుకొని ఆ ఊళ్లో దిగాడట. అది పెరిగి గ్రీటింగ్ కార్డుల కంపెనీ అయింది. 2001లో ఆ పేరుతో టీవీ ఛానల్ వచ్చింది. 2009 నుంచి ప్రతి ఏడూ అక్టోబరు నుంచో, నవంబరు నుంచో క్రిస్మస్ దాకా వరుసగా ఈ ప్రేమ సినిమాలు వేస్తున్నారట. అసలు సినిమా గంటన్నర కూడా ఉండదు, ప్రకటనలతో కలిపి రెండు గంటలు. ప్రతి ప్రకటన ముందు ఒక చిన్న మలుపు వచ్చేలా కథను ముక్కలుగా కోసి రాస్తారట. షూటింగ్ రెండు మూడు వారాల్లో అయిపోతుంది. చాలావరకు కెనడాలో, ఎండాకాలంలో, నురుగుతో, తెల్లటి దూదితో మంచు చేసి తీస్తారు. ఎండకు చెమటలు పడుతున్నా నటులు ఉన్ని కోట్లు వేసుకొని నిలబడాలి. ఇదంతా చెబుతుంటే ఆయన ముఖం ఎంత వెలిగిందో నువ్వు చూడాల్సింది.

తర్వాత అసలు మాట చెప్పాడు. అక్కడ మొదటి చలికాలం సెలవుల్లో రూమ్‌మేట్లు అందరూ చుట్టాల ఇండ్లకు పోయారు. ఈయన ఒక్కడే మిగిలాడు. బయట మోకాలి లోతు మంచు, ఇంట్లో ఉద్యోగం దొరుకుతుందో లేదో అనే టెన్షన్, నెత్తిన అప్పు. ఆ పది రోజులు టీవీలో ఆ సినిమాలే తోడు. ‘అందులో ఎవరికీ ఏమీ కాదు అత్తమ్మా, అందరూ ఇంటికి చేరుకుంటారు’ అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ చిన్నాయనది రైస్ మిల్లులో లెక్కలు రాసే పని. వడ్ల సీజన్‌లో తెల్లవారకముందే పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. తేమ ఎక్కువుందని మిల్లు వాళ్లు, లేదని రైతులు, మధ్యలో ఇద్దరి తిట్లూ ఈయనకే. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని టీవీలో ఏ పాత ప్రేమ సినిమా వచ్చినా చూసేవాడు. ఒక పండుగనాడు మా అన్నదమ్ములందరూ ఉండగా, ‘చూడండి, హీరోయిన్ కంటే ముందు ఈయనే ఏడుస్తున్నాడు’ అన్నాను. ఇల్లంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, లేచి టీవీ కట్టేశాడు. ఆ తర్వాత ఆరేండ్లు వార్తలు తప్ప ఏమీ చూడలేదు. సినిమా ఒక్కటే పోయి ఉంటే ఇంత రాయకపోదును. మిల్లులో ఏమైంది, ఒంట్లో ఎట్లా ఉంది, ఎవరు ఏమన్నారు అన్నీ నాకు చెప్పడం మానేశాడు. అప్పట్లో జీతం మూడు నెలలు ఆగితే నాకు బయటివాళ్లు చెబితే తెలిసింది.

నాకు ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం నేనే పాత సినిమా పెట్టి ఆయనను పక్కన కూర్చోమన్నాను. అప్పుడు గమనించాను. హీరో హీరోయిన్లు కలిసినప్పుడు ఆయనకు ఏడుపు రాలేదు. కోపంతో మాటలు మానేసిన తండ్రి, వాకిట్లోకి వచ్చి కొడుకును లోపలికి రమ్మన్నప్పుడు వచ్చింది. మా పెండ్లి ఇష్టం లేక మా మామ పోయేదాకా ఆయనతో మాట్లాడలేదని నీకు తెలుసు కదా. ఇరవై ఏండ్లు ఆయన పక్కన కూర్చొని కూడా నేను అది చూడలేదు.

అందుకే చెబుతున్నా. వారానికి ఒక్క సినిమా ఆయన పక్కన కూర్చొని చూడు. నచ్చకపోయినా నచ్చినట్టు నటించకు, అది ఇట్టే తెలిసిపోతుంది. చేతికి ఏదైనా పని పెట్టుకో, ఫోన్ మాత్రం పట్టుకోకు. తర్వాత వచ్చేది ముందే చెప్పకు. ఏ సీన్ దగ్గర ఆయన ముందుకు వంగుతాడో చూడు, ఆ రోజు కాదు, రెండు రోజుల తర్వాత దాని గురించి అడుగు. ‘ఆ అబ్బాయి అట్లా చేశాడు, నువ్వెప్పుడైనా చేశావా’ అని పోలిక మాత్రం తేవద్దు.

రెండో సినిమా పెడితే నాకు ఓపిక లేదని సూటిగా చెప్పి లేచిపో. శనివారం రిమోట్ నీది. నువ్వు పెట్టింది ఆయనా కూర్చొని చూడాలి, ఇది పెట్టుకుంటేనే మొదటిది నిలుస్తుంది.

మీ అత్తగారు ‘మొగోడు గీ ఆడోళ్ల సినిమాలు చూసుడేంది’ అంటున్నదని రాశావు. ఆమెతో వాదం వద్దు. కానీ ఆమెతో కలిసి నవ్వకు. ‘మేమిద్దరం చూస్తున్నాం అత్తమ్మా’ అను, చాలు.

ఒక్కటి మాత్రం కనిపెట్టుకో. డబ్బు గురించో, పిల్లల గురించో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఆయన టీవీ పెడుతున్నాడంటే అది వేరే సంగతి. అప్పుడు ఊరుకోవద్దు. కానీ సినిమా మధ్యలో అడగకు, అయిపోనివ్వు. టీవీ కట్టేశాక, అన్నం తినేటప్పుడు మొదలుపెట్టు. అప్పటికీ తప్పించుకుంటే నాకు ఫోన్ చెయ్యి, చిన్నాయన మాట్లాడుతాడు.

వీడియో సంగతి ఆయనకు తెలిసిందో లేదో నాకు తెలియదు. తెలియకపోయినా నువ్వే చెప్పు. ‘నేను పెట్టాను, తప్పయింది, తీసేశాను’ అని మూడు మాటలు చాలు. గ్రూపులో మిగతావాళ్లకు నేను చెప్పుకుంటాను.

రేపు ఆర్టీసీ కార్గోలో అనపకాయలు పంపిస్తున్నా, రెండు కిలోలు ఉంటాయి. ఒలవడానికి రెండు గంటలు పడుతుంది. శుక్రవారం దాకా వాడిపోకుండా తడిగుడ్డ కప్పి ఉంచు.

మీ చిన్నమ్మ