ఆలుగడ్డ పెట్టే ముందు చలి చూసుకో బిడ్డా

బిడ్డా,

పోయిన వేసవి మొదట్లో పెట్టిన ఆలుగడ్డ చెట్లు ఏపుగా పెరిగాయనీ, తవ్వితే గోలీలంత గడ్డలే ఉన్నాయనీ రాశావు. ఎరువు చాలలేదేమోనని నీ అనుమానం. ఎరువు కాదు, చలి చాలలేదు. రాత్రిళ్లు 20 డిగ్రీల లోపుకు దిగితేనే ఆలుగడ్డ సరిగ్గా ఊరుతుంది. వేడి రాత్రుల్లో చెట్టు తిన్నదంతా ఆకుకే పోతుంది. మన జహీరాబాద్ వైపు రైతులు కూడా దీన్ని చలికాలం పంటగానే వేస్తారు. నువ్వు ఉండేది హైదరాబాద్‌లోనే కాబట్టి నీకూ అదే లెక్క: అక్టోబర్ సగం నుంచి నవంబర్ సగం లోపల గడ్డ మట్టిలో పడాలి, ఫిబ్రవరి దాటకుండా ఇంటికి రావాలి. ఆ నెల రోజులు తప్పిపోతే ఇక ఆ ఏడాదికి వదిలెయ్. దాని బదులు మెంతికూర చల్లుకో.

వంటింట్లో మొలకెత్తిన గడ్డ పెట్టొచ్చా అని అడిగావు. పెట్టొచ్చు, కాకపోతే అది ఏ రకమో, దానికి ఏ తెగులు ఉందో తెలియదు. కోల్డ్ స్టోరేజీల్లో కొన్నిటికి మొలక రాకుండా మందు కొడతారు, వాటి కోసం ఎంత ఎదురుచూసినా లాభం లేదు. దొరికితే విత్తనం గడ్డే తెచ్చుకో. కుఫ్రీ పుఖ్‌రాజ్ త్వరగా వస్తుంది, కుఫ్రీ సూర్య కాస్త వేడిని తట్టుకుంటుంది. కుఫ్రీ అనేది సిమ్లా దగ్గరి ఊరు. సిమ్లాలోని ఆలుగడ్డ పరిశోధన సంస్థ విడుదల చేసే రకాలకు ఆ పేరు పెడతారు.

తెచ్చిన గడ్డల్ని నేరుగా పాతిపెట్టకు. ఎండ పడని, వెలుతురు ఉన్న చోట గోనె మీద ఒకే వరుసగా పరిచి పది రోజులు ఉంచు. చీకట్లో వచ్చే మొలక తెల్లగా, పొడుగ్గా సాగి ముట్టుకుంటే విరిగిపోతుంది. వెలుతురులో వచ్చేది పొట్టిగా, గట్టిగా, ఊదారంగు కలిసి ఉంటుంది. అదీ నీకు కావాల్సింది. కోడిగుడ్డంత గడ్డయితే కొయ్యకుండా పెట్టు. పెద్దదైతే ముక్కకు రెండు మూడు కళ్లు ఉండేలా కోసి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వు. కోసిన చోటు ఆరకముందే తడి మట్టిలో పెడితే కుళ్లుతుంది.

మట్టి విషయంలో ఒక్కటే పట్టింపు: గుల్లగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. మీ పెరట్లో నల్లరేగడి అన్నావు కదా, అందులో ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలుపు. పచ్చి పేడ మాత్రం వద్దు, గడ్డ మీద గజ్జి లాంటి మచ్చలొస్తాయి. పోయినేడు టమాట, వంకాయ, మిరప ఉన్న మడిలోనూ వద్దు, అవన్నీ ఒకే కుటుంబం, ఎండు తెగులు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. జానెడు దూరంలో ఒక్కో ముక్క, మొలక పైకి ఉండేలా, మూడు అంగుళాల లోతున పెట్టు. వరుసకూ వరుసకూ రెండడుగులు వదులు. అంత జాగా ఎందుకంటావేమో, మట్టి ఎగదోయడానికి.

ఎక్కువమంది అశ్రద్ధ చేసేది ఈ మట్టి ఎగదోయడమే. ఆలుగడ్డ వేరు కాదు బిడ్డా. మట్టిలో ఉన్న కాండం నుంచి పక్కకు దారాల్లాంటి పిలకలు వస్తాయి, వాటి కొసలు లావెక్కితే గడ్డలవుతాయి. అంటే తల్లిముక్కకు పైన ఉన్న మట్టిలోనే పంటంతా. చెట్టు జానెడు ఎత్తుకు రాగానే, సుమారు 25 రోజులకు, రెండు వైపుల నుంచి మట్టి లాగి మొదలు చుట్టూ బోదె కట్టు. మరో రెండు వారాలకు ఇంకోసారి. ఎక్కడైనా గడ్డ బయటపడి కనిపిస్తే వెంటనే కప్పెయ్. ఎండ తగిలితే పచ్చబడుతుంది, అందులో సోలనిన్ అనే విషం పెరుగుతుంది, ఉడికించినా పోదు. అట్లాంటి గడ్డ పిల్లలకు పెట్టకు. డాబా మీద గ్రో బ్యాగ్‌లో పెడితే ముందు సగమే మట్టి నింపు, చెట్టు లేచే కొద్దీ మిగతాది పొయ్యి.

నీళ్లు కొద్దికొద్దిగా, తరచుగా. బాగా ఎండనిచ్చి ఒక్కసారే పారిస్తే గడ్డలు పగులుతాయి, వంకర్లు తిరుగుతాయి. పొద్దున్నే చెట్టు మొదలు దగ్గర పొయ్యి, ఆకు తడపకు. పొగమంచు పట్టిన రోజుల్లో ఆకు అంచున నల్లటి తడి మచ్చలు కనిపిస్తే ఆ ఆకులు తెంపి దూరంగా పారెయ్, ఆకుమాడు తెగులు రెండు మూడు రోజుల్లోనే మడంతా పాకుతుంది. ఆకు వెనక పేనుబంక ఉంటే వేపనూనె సబ్బునీళ్లలో కలిపి సాయంత్రం పూట కొట్టు.

ఆకులు పసుపెక్కితే నీళ్లు ఆపు. చెట్లను మొదలుకు కోసేసి, గడ్డల్ని పది రోజులు మట్టిలోనే ఉండనివ్వు. తర్వాత ఒకటి తీసి బొటనవేలితో రుద్ది చూడు. తొక్క లేచిందంటే ఇంకో నాలుగు రోజులు ఆగు. తవ్వేటప్పుడు పార మొదలుకు దగ్గరగా వెయ్యకు, జానెడు దూరం నుంచి లేపు. కడగకుండా మట్టి దులిపి, నీడలో ఆరబెట్టి, గాలి ఆడే చీకటి చోట బుట్టలో పోసి పెట్టు. తెగినవి ముందు వండుకో. విత్తనానికని దాచకు, మన ఎండాకాలం దాటి అక్టోబర్ దాకా ఇంట్లో నిలవవు. దసరా అయిపోగానే ఫోన్ చెయ్, ఇక్కడి రైతులు తెప్పించే విత్తనంలో నీకూ రెండు కిలోలు తీసి పెడతాను.

మీ పెద్దమ్మ