ఫోన్ నిండా ఫొటోలే, ఒక్కటీ నచ్చదు!

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చుంటే ఒకటే గోడు వినిపించింది. ఒకరికి ఫొటో తియ్యబుద్ధి కావట్లేదు, ఒకరికి కుంచె పట్టుకుంటే చెయ్యి కదలట్లేదు, ఇంకొకరికి ఎగ్జిబిషన్‌కి వెళ్తే తలనొప్పి తప్ప ఏమీ మిగలట్లేదు. అందుకే వేరే ప్రశ్నలన్నీ వచ్చే నెలకి నెట్టేసి వీటికే జవాబులు రాస్తున్నాను. కొన్నిటికి పొడుగ్గా రాశాను, కొన్నిటిని రెండు ముక్కల్లో తేల్చేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మూడేళ్లుగా ఫొటోగ్రఫీ నా హాబీ. ఫోన్‌లో, కెమెరాలో కలిపి 11 వేల ఫొటోలున్నాయి. మొదట్లో ఏది చూసినా తియ్యాలనిపించేది. ఇప్పుడు బయటికెళ్తే ‘ఇవన్నీ తీసేశాను కదా’ అనిపిస్తోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మిగతావాళ్ల ఫొటోలు చూస్తే ఇంకా నీరసం. ఏదైనా కొత్త చోటికి వెళ్తే తప్ప ఇన్‌స్పిరేషన్ రాదేమో. నిజమేనా సార్?

జవాబు: సగం నిజం. కొత్త చోట ఏదీ మనకి అలవాటై ఉండదు కాబట్టి నాలుగు రోజులు కళ్లు బాగా పనిచేస్తాయి. ఐదో రోజుకి అదీ అలవాటైపోతుంది. అప్పుడేం చేస్తారు, ఇంకో టికెట్ బుక్ చేస్తారా?

క్లాడ్ మోనే అనే ఫ్రెంచ్ పెయింటర్ సంగతి చెప్తాను. 1890లో వాళ్లింటికి దగ్గర్లోనే పొలంలో గోధుమ కుప్పలు వేసి ఉండేవి, మన గడ్డివాముల్లాంటివే. బొమ్మ వెయ్యడానికి అందులో ఏముంటుంది అనిపిస్తుంది. ఆయన 1891 దాకా ఆ కుప్పల్నే దాదాపు 25 కాన్వాసుల మీద వేశాడు. ఒక కాన్వాసు మొదలుపెట్టి, వెలుతురు మారగానే దాన్ని పక్కనపెట్టి ఇంకోటి తీసేవాడు, మళ్లీ ఆ వెలుతురు వచ్చినప్పుడు మొదటిది అందుకునేవాడు. ఎండలో కుప్ప, మంచు కప్పిన కుప్ప, పొద్దుగూకే వేళ అంచులు ఎర్రగా మండుతున్న కుప్ప. అదెక్కడికీ పోలేదు, వెలుతురే గంటగంటకీ మారింది.

ఇది చదివి ఊరికే మెచ్చుకోవడం ఎందుకని నేనూ ఒకసారి చేసి చూశాను. మా ఇంట్లో కిటికీ పక్కన ఒక పాత తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఉంది. రోజుకి ఒక్క ఫొటో, ఇరవై రోజులు, ఆ కుర్చీదే. మొదటి మూడు రోజులూ నాకు నేనే పిచ్చివాడిలా కనిపించాను. నాలుగో రోజు చూస్తే ఆ కుర్చీ అసలు తెల్లగా లేదు. పొద్దున నీడ పడ్డ వైపు లేత నీలం, మధ్యాహ్నం కూర్చునే పలక అడుగున ఎరుపు, ఎందుకంటే మా ఇంటి నేల ఎర్రది, ఆ రంగు కింది నుంచి పైకి కొడుతోంది. ఇన్నేళ్లు దాని మీదే కూర్చున్నాను, ఒక్కసారీ చూళ్లేదు! ఎనిమిదో రోజుకి మాత్రం భయంకరమైన బోర్ కొట్టింది, మానేద్దామనుకున్నాను. మీరు చేసినా అక్కడే మానేద్దామనుకుంటారు, ఆ రెండు మూడు రోజులు మొండిగా దాటెయ్యండి. తెలిసిన ఫొటోలన్నీ అప్పటికి అయిపోతాయి, తియ్యడానికి ఇంకేమీ ఉండదు, దాంతో కళ్లు పనిలోకి దిగక తప్పదు. నాకు పదకొండో రోజున కిటికీ ఊచల నీడ కుర్చీ వీపు మీద వంగి, చేతుల మీద విరిగి, నేల మీద మళ్లీ తిన్నగా సాగిన ఫొటో వచ్చింది. ఆ ఇరవైలో దాచుకున్నది అదొక్కటే.

మీ 11 వేల ఫొటోలతోనూ ఒక పని ఉంది. ఎవరు మెచ్చుకున్నారన్నది పక్కనపెట్టి, మీకు ఎందుకో వదలబుద్ధి కాని ఇరవై ఎంచి, చిన్న సైజు ప్రింట్లు వేయించి నేల మీద పరవండి. తలుపులో, వెనక్కి తిరిగి ఉన్న మనుషులో, నీళ్ల మీద వెలుగో, ఏదో ఒకటి పదేపదే కనిపిస్తుంది. మీకు తెలియకుండానే మూడేళ్లుగా దాని వెంటే పడ్డారన్నమాట. ఇకనుంచి తెలిసి పడండి.

ఇన్‌స్టాగ్రామ్ మానెయ్యమని చెప్పను, నేనూ మానలేదు. ఫొటోలు తియ్యడానికి బయల్దేరే రోజు మాత్రం తెరవకండి. చూసి వెళ్తే బయట కూడా ఆ ఫొటోల కోసమే వెతుక్కుంటాం.

ప్రశ్న: పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టానండీ. సొంతంగా ఏమీ తోచట్లేదు. నెట్‌లో కనిపించిన ఫొటోలు, పెద్ద పెయింటర్ల బొమ్మలు చూసి వేస్తున్నాను. మా అబ్బాయి ‘అమ్మా, ఇది కాపీ కదా’ అన్నాడు. ఆ రోజు నుంచి బ్రష్ ముట్టుకోలేదు. ఇది దొంగతనమేనా?

జవాబు: మీ అబ్బాయికి వాన్ గోగ్ సంగతి చెప్పండమ్మా. 1889లో ఆయన మానసిక చికిత్స కోసం ఆస్పత్రిలో ఉన్నప్పుడు, మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసే వీలు పెద్దగా ఉండేది కాదు. మిల్లే అనే పాత పెయింటర్ వేసిన రైతుల బొమ్మలు నలుపు-తెలుపు ప్రింట్లుగా ఆయన దగ్గరుండేవి. వాటిని ముందు పెట్టుకుని ఇరవై దాకా వేశాడు. గీత మిల్లేది. ప్రింట్‌లో రంగు లేదు కాబట్టి రంగంతా ఈయన సొంతం. ఆ పసుపు, ఆ నీలం చూసి ఇవి మిల్లేవి అని ఎవరూ పొరబడరు. పికాసో అయితే 1957లో, అప్పటికే ప్రపంచమంతా పేరున్న మనిషి, వెలాస్కెజ్ 1656లో వేసిన ఒక్క పెయింటింగ్‌నే పట్టుకుని నలభైకి పైగా కాన్వాసులు వేశాడు.

కాబట్టి చూసి వెయ్యండి, కాకపోతే కొంచెం కష్టపెట్టుకుని వెయ్యండి. నచ్చిన ఫొటోని ఫోన్‌లోనే బ్లాక్ అండ్ వైట్‌గా మార్చి, రంగులు మీరే వేసుకోండి. లేదంటే ఐదు నిమిషాలు బాగా చూసి, ఫోన్ తిరగేసి, గుర్తున్నంతవరకు వెయ్యండి. మర్చిపోయిన చోట ఏదో ఒకటి పెట్టాలి కదా, అక్కడ మీరు పెట్టేది ఆ ఫొటోలో ఉండదు. మొదట్లో చాలా దరిద్రంగా వస్తాయి, ముందే చెప్తున్నాను.

అసలేమీ తోచని రోజున లియొనార్డో చెప్పిన చిట్కా ఉంది. మరకలు పడ్డ గోడల్ని చూస్తూ కూర్చోమన్నాడాయన, వాటిలో కొండలు, చెట్లు, యుద్ధాలు, ముఖాలు కనిపిస్తాయని. తడి కాగితం మీద నాలుగు చుక్కలు రంగు వదిలి, ఆరాక చూసినా అదే పని జరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. నెట్‌లో ఉన్న ఫొటో ఎవరో ఒకరు తీసిందే. ఇంట్లో ప్రాక్టీసుకి పరవాలేదు, అమ్మాలన్నా పోటీకి పంపాలన్నా వాళ్లని అడగాలి. ఎవరిది చూసి వేశారో బొమ్మ వెనకాల రాసిపెట్టుకునే అలవాటు ఉంటే అబ్బాయికి చెప్పే సమాధానం కూడా అందులోనే ఉంటుంది.

ప్రశ్న: స్నేహితులతో ఆర్ట్ ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. నాకేమీ అర్థం కాలేదు. వాళ్లంతా తల ఊపుతుంటే నేనూ ఊపాను, ప్రతిదానికీ ఫొటో తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే ఒక్క బొమ్మా గుర్తు లేదు. కళని ఆస్వాదించడం కొందరికే వస్తుందా?

జవాబు: తల ఊపినవాళ్లలో సగంమంది మీలాంటివాళ్లే, టెన్షన్ పడకండి.

మ్యూజియంలో జనం ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు నిలబడతారో కొందరు లెక్కపెట్టారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో చూసి 2001లో బయటపెట్టిన లెక్క ప్రకారం సగటు 27 సెకన్లు. అన్నేసి సెకన్లలో ఎవరికి మాత్రం ఏం అర్థమవుతుంది? ఫొటోల సంగతి కూడా లిండా హెన్కెల్ అనే సైకాలజిస్టు పరీక్షించి 2014లో రాసింది. మ్యూజియంలో వస్తువుల్ని ఫొటో తీసినవాళ్లకి, ఊరికే చూసినవాళ్ల కంటే తక్కువ గుర్తున్నాయి. తమాషా ఏంటంటే, ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్లకి మాత్రం ఆ నష్టం జరగలేదు. అంటే తప్పు కెమెరాది కాదు, కెమెరా చూసింది కదా అని మనం చూడ్డం మానేస్తున్నాం.

హార్వర్డ్‌లో జెన్నిఫర్ రాబర్ట్స్ అనే ప్రొఫెసర్ తన విద్యార్థుల్ని ఒకే పెయింటింగ్ ముందు మూడు గంటలు కూర్చోమంటుంది. మీరు కంగారు పడకండి, మనకి పది నిమిషాలు చాలు. ఆవిడే ఒక బొమ్మ ముందు కూర్చుని తనకి ఏది ఎన్నో నిమిషంలో కనిపించిందో రాసుకుంది. 1765లో కోప్లీ వేసిన బొమ్మ అది, ఒక అబ్బాయి, బల్ల మీద గొలుసు కట్టిన ఎగిరే ఉడత, పక్కన గ్లాసులో నీళ్లు. అబ్బాయి చెవి ఆకారం, ఉడత పొట్ట దగ్గర బొచ్చు ఆకారం ఒకటేనని తెలియడానికి ఆవిడకి తొమ్మిది నిమిషాలు పట్టింది. గొలుసు పట్టుకున్న వేళ్ల మధ్య దూరం సరిగ్గా గ్లాసు వెడల్పంత ఉందని తెలియడానికి 21 నిమిషాలు. చూడ్డమే ఉద్యోగంగా ఉన్న మనిషికి! మీకు 27 సెకన్లలో ఏమీ అందలేదని బాధపడటంలో అర్థం లేదు.

ఈసారి వెళ్తే అన్నీ చూడకండి. గబగబా ఒక చుట్టు తిరిగి, ఎందుకో కాలు ఆగిన ఒక్క దాని దగ్గరికి తిరిగి రండి. నచ్చకపోయినా, చిరాకు తెప్పించినా సరే, కాలు ఆగింది కదా. పక్కనున్న పేరు, వివరం చదవకండి. వెలుతురు ఏ వైపు నుంచి వస్తోంది, ముందు కన్ను ఎక్కడికి పోయింది, అక్కణ్నుంచి ఎటు వెళ్లింది, ఏ రంగు ఎన్ని చోట్ల ఉంది. ఇవి చూడ్డానికి చదువు అక్కర్లేదు. పది నిమిషాలయ్యాక లేబుల్ చదవండి, అప్పుడు జూమ్ చేసి ఒక్క ఫొటో తీసుకోండి.

అర్థం కాకపోవడం గురించి ఇంకో మాట. పైన చెప్పిన మోనే గడ్డివాముల్లో ఒకటి 1896లో మాస్కో ఎగ్జిబిషన్‌కి వెళ్లింది. లా చదువుకున్న, ముప్పైకి దగ్గరపడ్డ ఒకాయన దాని ముందు నిలబడ్డాడు. అదేంటో ఆయనకి తెలియలేదు. కేటలాగు చూస్తే గానీ గడ్డివాము అని అర్థం కాలేదు, గుర్తుపట్టలేకపోయినందుకు చాలా ఇబ్బందిపడ్డాడు కూడా. కానీ ఆ బొమ్మ ఆయన్ని వదల్లేదు. అదేంటో తెలియకుండానే బొమ్మ ఇంత పట్టేసిందంటే, బొమ్మలో వస్తువు ఉండి తీరాలా అనే అనుమానం మొదలైంది. ఆయన పేరు కాండిన్‌స్కీ. ఆ ఏడాదే లా వదిలేసి పెయింటింగ్ నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లిపోయాడు, తర్వాత అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్‌కి దారి వేసినవాళ్లలో ఒకడయ్యాడు. మీకు ఎగ్జిబిషన్‌లో అర్థం కాని బొమ్మ ఏదో, వీలైతే మళ్లీ దాని దగ్గరికే వెళ్లండి.

ప్రశ్న: నేను కథలు రాస్తాను. ఆరు నెలలుగా ఒక్క పేజీ ముందుకి కదలట్లేదు. పెయింటింగ్స్ చూస్తే రాయడానికి పనికొస్తుందని ఎవరో అన్నారు. నిజంగా పనికొస్తుందా, లేక అదో ఫ్యాషన్ మాటా?

జవాబు: పనికొస్తుంది. 1907లో రిల్కే అనే కవి పారిస్‌లో సెజాన్ బొమ్మల ఎగ్జిబిషన్‌కి ఒక్కసారి వెళ్లి ఊరుకోలేదు, దాదాపు రోజూ వెళ్లేవాడు. ఇంటికొచ్చి చూసిన రంగుల గురించి భార్యకి ఉత్తరాలు రాసేవాడు. ఆవిడ శిల్పి, ఉత్తమాటలు ఒప్పుకునే రకం కాదనుకుంటాను.

మీరూ ఒక బొమ్మ ఎంచుకుని పదిహేను వాక్యాలు రాయండి, ‘అందమైన’, ‘అద్భుతమైన’, ‘విషాదకరమైన’ లాంటి మాటలు లేకుండా. కనిపించేదే రాయాలి. మనం రాసేవాళ్లం కదా, బొమ్మలో ఒక ఆడమనిషి కిటికీ దగ్గర నిలబడితే చాలు, ‘ఎవరి కోసమో ఎదురుచూస్తోంది’ అని రాసేస్తాం. ఎడమ చెయ్యి ఎక్కడుంది? చెప్పులున్నాయా? తలుపు మూసి ఉందా? ఇవి రాయడం మొదలుపెడితే ఏడెనిమిదో వాక్యం దగ్గర మీ కథలోని మనిషి కూడా చెయ్యి ఎక్కడ పెట్టుకుందో తెలియడం మొదలవుతుంది. ఆరు నెలలుగా ఆగిపోయింది బహుశా అక్కడే.

ప్రశ్న: మంచి ఫొటోలకి ఏ కెమెరా కొనాలి?

జవాబు: చేతిలో ఉన్నది. ఏ ఫొటో దానితో తియ్యలేకపోతున్నారో కచ్చితంగా చెప్పగలిగిన రోజున మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. పిల్లలు కెమెరా కొనిచ్చారు. ఈ వయసులో నేర్చుకుంటే నవ్వరా? ఇంట్లో స్టూడియోకి చోటు కూడా లేదు.

జవాబు: జూలియా మార్గరెట్ కేమరాన్ అనే ఇంగ్లిష్ ఫొటోగ్రాఫర్‌కి కూతురు, అల్లుడు కలిసి కెమెరా ఇచ్చింది 1863 చివర్లో, అప్పటికి ఆవిడకి 48. ఇంట్లో బొగ్గులు వేసే గదిని డార్క్‌రూమ్, అంటే ఫొటోలు కడిగే చీకటి గది, చేసుకుంది. అద్దాలున్న కోళ్లగూడు ఒకటి ఉంటే కోళ్లని ఖాళీ చేయించి దాన్నే స్టూడియో చేసింది. నవ్వారా అంటే, నవ్వారు. ఫొటోలు మసకగా ఉన్నాయని, ఫోకస్ చెయ్యడమే రాదని అప్పటి ఫొటోగ్రాఫర్లు ఎగతాళి చేశారు. ఇవాళ ఆ మసక ముఖాల్ని చూడ్డానికే జనం మ్యూజియాలకి వెళ్తున్నారు. 1864 జనవరిలో ఒక చిన్నపిల్ల ఫొటో కుదిరితే దాని మీద ‘నా మొదటి విజయం’ అని రాసుకుంది.

మీకు కిటికీ పక్కన ఒక కుర్చీ పట్టేంత మూల ఉంటే చాలు. పిల్లలనే మొదట కూర్చోబెట్టండి, కెమెరా కొనిచ్చింది వాళ్లే కాబట్టి కాసేపు కదలకుండా కూర్చోక తప్పదు.