పసుపు నీళ్లతో లీకు పట్టేద్దాం

ప్రశ్న: సింకు కింద గార్బేజ్ డిస్పోజల్ (తిండి వ్యర్థాలు నూరే మెషీన్) నుంచి నీళ్లు కారుతున్నాయి. 11 ఏళ్ల పాతది. బాగు చేయించాలా, మార్చాలా?
– పాఠకురాలు, డాలస్

జవాబు: ముందు దానికి కరెంటిచ్చే బ్రేకర్ ఆపెయ్యండమ్మా. డిస్పోజల్‌ని పొడిగా తుడిచి, సింకుకి బిరడా పెట్టి నీళ్లు నింపి, చిటికెడు పసుపు కలపండి. తెల్ల టిష్యూతో కింద ఒక్కోచోటా అద్దండి. పైన సింకుని కలిపే చోట పచ్చబడితే అక్కడ నీళ్లు కారకుండా పెట్టే పుట్టీ పాడైనట్టు. తీసి కొత్తది వేస్తే చాలు. బిరడా తీశాక పక్కన కారితే డిష్‌వాషర్ గొట్టం క్లాంపో, డ్రెయిన్ పైపు రబ్బరో వదులైంది. ఇదీ చిన్న పనే.

మోటారు అడుగునుంచి చుక్కలు పడితే మాత్రం లోపలి సీలు పోయింది. మా ఇంట్లో అదే జరిగింది. బయట ఎంత సీలెంట్ పూసినా ఆగలేదు, రెండు వారాలు వృథా. ఆ వయసు మెషీన్‌కి రిపేరు ఖర్చు దండగ, మార్చేయండి.

అదే కంపెనీది కొంటే చాలాసార్లు సింకుకి బిగించే పాత మౌంటే సరిపోతుంది. రోజూ వండే ఇల్లయితే ముప్పావు హార్స్‌పవర్ తీసుకోండి. అయినా మునక్కాయ పిప్పి, అన్నం అందులో వెయ్యకండి. డిష్‌వాషర్ ఉంటే, గొట్టం తగిలించే ముందు కొత్తదానిలో ఆ గొట్టం దారికి అడ్డుగా ఉండే ప్లాస్టిక్ మూతను కొట్టి తీయడం మరవకండి.