రాజీనామా లేఖలో ఆ ఒక్క మాట మరవొద్దు

ప్రశ్న: నా వయసు 29. బీకాం చదివాను. తపాలా శాఖలో పోస్టల్ అసిస్టెంట్‌గా అయిదేళ్లు నిండాయి. కౌంటర్ పని విసుగు పుట్టిస్తోంది. ఆదాయపు పన్ను శాఖకో, ఆడిట్ వైపుకో మారాలా? ఇక్కడే ఉండి ప్రమోషన్ చూసుకోవాలా?

జవాబు: విసుగు పనిమీదా, హోదామీదా? ముందు అది తేల్చుకోండి. హోదామీదైతే శాఖ మారడం చుట్టుదారి. కొత్త శాఖలో సీనియారిటీ మళ్లీ అట్టడుగు నుంచే మొదలవుతుంది. మీరిప్పుడు జీతాల పట్టికలో లెవెల్ 4లో ఉన్నారు, మూలవేతనం 25,500తో మొదలయ్యేది. ట్యాక్స్ అసిస్టెంట్ కూడా అదే లెవెల్. ఆడిటర్‌ది లెవెల్ 5. అదే మీ శాఖలోని ఇన్‌స్పెక్టర్ పోస్టు లెవెల్ 7, అంటే 44,900. అయిదేళ్ల సర్వీసు నిండిన మీలాంటివారికి దానికి శాఖాపరమైన పరీక్ష ఉంది. పోటీ మీ సహోద్యోగులతోనే. పదేళ్లకు ఎంఏసీపీ (ప్రమోషన్ రాకపోయినా సర్వీసును బట్టి జీతం పెంచే పథకం) కింద ఒక లెవెల్ పెరుగుతుంది కదా అనుకోవద్దు. అది జీతమే, కుర్చీ మారదు.

లెక్కలమీదే మనసుంటే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (డిగ్రీ అర్హతతో కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే పరీక్ష) రాయండి. ఆడిటర్‌కు జనరల్ వయోపరిమితి 27 దాటినా దిగులు లేదు. మూడేళ్ల రెగ్యులర్ సర్వీసు ఉన్న కేంద్ర ఉద్యోగులకు గ్రూప్ సి పోస్టులకు 40 ఏళ్లదాకా సడలింపు ఉంది. నా మాటైతే, గురి ఆదాయపు పన్ను ఇన్‌స్పెక్టర్ పోస్టుమీద పెట్టండి. ఇప్పుడున్న లెవెల్ కోసమే అయితే ఇంత శ్రమ దండగ.

అసలు జాగ్రత్త కాగితాల్లో ఉంది. దరఖాస్తు పెట్టేటప్పుడే మీ ఆఫీసుకు లిఖితపూర్వకంగా తెలిపి, నిరభ్యంతర పత్రం అడగండి. ఎంపికయ్యాక రాజీనామా లేఖలో ‘ఫలానా పోస్టులో చేరేందుకు టెక్నికల్ రాజీనామా’ అని స్పష్టంగా రాయండి. అంటే ఉద్యోగం వదిలేయడం కాదు, అనుమతితో మరో ప్రభుత్వ పోస్టుకు మారడం. నా దగ్గరికి వచ్చిన ఒకాయన తొందరలో ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాసిచ్చేశాడు. మామూలు రాజీనామా చేస్తే వెనకటి సర్వీసు రద్దయిపోతుంది. దాన్ని సరిచేయించుకోవడానికి ఎన్ని టేబుళ్లు తిరిగాడో! టెక్నికల్ రాజీనామా అయితే ప్రస్తుత జీతానికి రక్షణ ఉంటుంది, నిల్వ ఉన్న సెలవులు వెంట వస్తాయి. మీరు పర్మనెంట్ అయి ఉంటే పాత పోస్టుమీద లియన్, అంటే తిరిగి చేరే హక్కు, మామూలుగా రెండేళ్లుంటుంది, కొత్తచోట పొసగకపోతే తిరిగి రావచ్చు. పర్మనెంట్ చేసినట్టు చెప్పే కన్ఫర్మేషన్ ఉత్తర్వు మీ సర్వీసు రిజిస్టరులో ఎక్కిందో లేదో ఈ వారమే చూసుకోండి. చాలామందికి అది ఎక్కలేదన్న సంగతి వెళ్లిపోయే రోజునే తెలుస్తుంది.

రెండు పరీక్షలూ ఒకే ఏడాది పెట్టుకోకండి. సిలబస్‌లు కలవవు. శాఖ నియమాల పుస్తకాలు ఒకవైపు, గణితం, ఇంగ్లిష్ మరోవైపు. డ్యూటీ చేసుకుంటూ రెండింటినీ మోయలేరు.